పూత ఊడిన చోటు

మా షెడ్డులో తయారయ్యే వస్తువును చూసి ముచ్చటపడేవాళ్లు ఉండరు. మూరెడు పొడవున్న ఉక్కు గొట్టం, దాని మీద బూడిదరంగు పూత, అంతే. దాన్ని స్లీవు అంటారు. బొగ్గుబాయిలో నీళ్లు తోడే పంపు నుంచి ఇరుసు బయటికి వచ్చే చోట, ఇరుసు అరగకుండా దాని మీద తొడుగుతారు. బాయిలో బొగ్గు తీసిన ఖాళీల్లో పైకప్పు కుంగకుండా గోదారి ఇసుకను నీళ్లతో కలిపి లోపలికి పంపి నింపుతారు. ఇసుక అక్కడే ఉండిపోతుంది, నీళ్లను మళ్లీ పైకి తోడాలి. ఆ నీళ్లలో కొట్టుకొచ్చే సన్న ఇసుక పంపులో తిరిగే ప్రతి ఇనుప ముక్కనూ గీరుతూనే ఉంటుంది. పూత లేని స్లీవు కొన్ని వారాల్లోనే నడుము దగ్గర సన్నబడి గాట్లు పడుతుంది. పూత ఉంటే అంతకు ఎన్నో రెట్లు నిలుస్తుంది.

ఆ పూత వేయడమే మా పని. నికెల్, క్రోమియం కలిసిన లోహపు పొడి, దానితో పాటు పింగాణీ జాతికి చెందిన గట్టి రేణువులు. పింగాణీ రేణువు అరగదు, కానీ పెళుసు. లోహం సాగుతుంది, కానీ అరుగుతుంది. రెండిటినీ కలిపితే ఒకదాని లోపాన్ని ఇంకొకటి కప్పుతుంది. ప్లాస్మా గన్ను మూతిలో గ్యాసు కరెంటు తగిలి మంటగా మారి కళ్లు పోయేంత వెలుగుతో మండుతుంది. పొడి అందులో పడి కరిగి, స్లీవు మీదికి ఎగిరి, గోడకు కొట్టిన పిడకలాగా చదునై అతుక్కుంటుంది. అక్కడ జిగురు ఏమీ ఉండదు. ఉక్కును ముందే గరుకుగా చేసి ఉంచుతాం కాబట్టి ఆ గరుకును పట్టుకుని నిలుస్తుంది. గరుకుకూ పూతకూ మధ్య నూనె గాని చెమట గాని సన్నటి పొరగా ఉన్నా పట్టు దొరకదు. అప్పుడు పూత అరగదు, ఊడుతుంది. అరగడం వేరు, ఊడడం వేరు. ఈ తేడా తెలుసుకోవడానికే నేను చదువుకున్నాను. నా కొలువు కూడా అదే, ప్రతి స్లీవునూ పరీక్షించి సంతకం పెట్టడం.

అయినా, ఒక మనిషి పని పోగొట్టిన రిపోర్టు నేనే రాశాను, అది తప్పు రిపోర్టు. ఇక్కడ చెప్పదలచుకున్నది దాని గురించే.

ఆ మనిషిని మేమందరం కాక, అంటే బాబాయి, అనేవాళ్లం. బాయిలో పంపు నడిపి రిటైరయ్యాక మా షెడ్డుకు వచ్చాడు. మిషను బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ దగ్గర గన్ను పట్టడం నేర్చుకున్నాడు. ఆ టెక్నీషియన్ మాట్లాడే భాష కాకకు రాదు, కాక భాష ఆయనకు రాదు. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకుని వారం రోజుల్లో పని ముగించారట. నేను చేరేనాటికి కాక చేతి నుంచి వచ్చిన పూత ఎక్కడ కొలిచినా ఒకే మందంలో ఉండేది.

నేను చేరిన కొత్తలో పూత ఎంత అరుగుతుందో కొలవడానికి షెడ్డులో ఏ సాధనమూ లేదు. ఆ సాధనం చేసింది కాకే. పాత స్కూటరు టైరు నుంచి రబ్బరు పట్టీ కోసి ఇనుప చక్రానికి బిగించాడు. చక్రానికీ పూత వేసిన ముక్కకూ మధ్యన ఇసుక సన్నగా జారేలా డబ్బా కట్టాడు. చక్రం గంటసేపు తిరిగాక ముక్క ఎంత బరువు తగ్గిందో చూడాలి. అంత సన్నగా తూచే త్రాసు లేదు. బజార్లో తెలిసిన కంసాలి దగ్గర అడిగి తెచ్చాను.

"బంగారం తూచే త్రాసుల ఇనుము పెడ్తవా బిడ్డ? కంసాలాయిన చూస్తే గుండె పగుల్తది."

"ఆయన బంగారం కన్నా నీ పూత గట్టిది కాక."

"గట్టిదైతే నా బిడ్డ పెండ్లికి గిదే పెట్టకపోదునా?"

పూత లేని ముక్క బరువు తగ్గి త్రాసు చటుక్కున పైకి లేచింది. కాక పూత వేసిన ముక్కకు ముల్లు కొద్దిగా వణికి ఆగింది. ఆ ముల్లు వంక ఆయన చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. పండిన మడిని చూసే రైతు చూపు అది.

ఇక బొట్టు సంగతి. కాక చొక్కా జేబులో చిన్న కుంకుమ డబ్బా ఉండేది. గరుకు చేసిన ప్రతి స్లీవు కొసన, అంచు మీద, ఉంగరం వేలితో బొట్టు పెట్టేవాడు. అక్కడ పూత రాదు. టేపు చుట్టి కప్పేస్తాం. బొట్టు పెట్టి ఆ గొట్టంతో మాట్లాడేవాడు: "పోయిరా తల్లీ. మావోళ్ల కాళ్లు తడవనియ్యకు."

నాకు అది చూస్తే ఒళ్లు మండేది. ఎందుకు మండేదో చెప్పాలి. మా నాయిన కూడా బాయి కార్మికుడే. పొద్దున షిఫ్టు చేసి వచ్చి, సాయంత్రం సైకిల్ ముందు నన్ను కూర్చోబెట్టుకుని చర్చా సభలకు తీసుకుపోయేవాడు. కులం ఉండాలా వద్దా, వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా, దేవుడికి జంతువును ఎందుకు కోయాలి అని పెద్దవాళ్లు గొంతులు చించుకుని వాదించుకునేవాళ్లు. మా నాయిన నాకు ఒక నియమం నేర్పాడు. ఎదుటి మనిషి వాదాన్ని ముందు నువ్వే చెప్పాలి, "అవును, నేనన్నది గదే" అని ఆ మనిషి ఒప్పుకున్నాకనే ఖండించాలి. నేను ఇంటరు చదివేటప్పుడు నాయిన చనిపోయాడు. పదకొండో నాడు మా క్వార్టరు వెనక నల్లా దగ్గర కూర్చోబెట్టి అమ్మ బొట్టు తుడిచారు. అమ్మ ముఖం గోడలాగా అయిపోయింది. మరునాడు నేను బజారుకు పోయి బొట్టు బిళ్లలు తెచ్చి అమ్మ నుదుట పెట్టాను. వాడకట్టంతా మమ్మల్ని వెలివేసినట్టు చూసింది. ఒక ఎర్రటి పొడికి మనిషి ముఖాన్ని ఉంచే, తుడిచే అధికారం ఎవరిచ్చారని అప్పటి నుంచి నేను అడుగుతూనే ఉన్నాను. సభల్లో అడిగాను, పత్రికల్లో రాశాను. అందుకే ఇనుముకు బొట్టు పెట్టే మనిషిని చూస్తే నాకు మొదట గుర్తొచ్చేది ఆ నల్లా.

"ఇనుముకు బొట్టేంది కాక? నీళ్లు బొట్టును చూసి ఆగుతయా?"

"బొట్టును చూసి ఎందుకాగుతయి బిడ్డ? పంపును చూసి ఆగుతయి. పంపు కాడ ఇదివరకు నేనుంటి, ఇప్పుడు ఇంకోడున్నడు. ఆ ఇంకోని కోసం పెడ్తున్న."

దానికి నేను జవాబు వెతికాను గాని ఆ మాట ఏమిటో వినలేదు.

ఆయన నియమం ఇంకొకటి ఉండేది. గరుకు చేసిన తర్వాత స్లీవును ఎవరూ నడుమ పట్టుకోకూడదు. రెండు కొసలే పట్టుకోవాలి. దానికి ఆయన చెప్పే కారణం విని నేను ఒకరోజు నలుగురి ముందు నవ్వాను.

"గరుకు పట్టినంక అది తానం చేసిన బాలింత అసొంటిది బిడ్డ. నడుమ ముట్టద్దు. కొసకు పట్టు."

"ఇనుముకు పురుడు కూడ పోసినవా కాక! ఇగ తొట్టెల ఫంక్షన్ ఎప్పుడు?"

షెడ్డంతా నవ్వింది. నేను గ్లౌజులు తొడుక్కున్న చేతులతో స్లీవును సరిగ్గా నడుమ పట్టుకుని పైకెత్తి, కిటికీ వెలుగులో తిప్పి చూశాను. ఎక్కడైనా నునుపు మెరుపు మిగిలిందేమో అలాగే చూడాలి. నా పద్ధతి శాస్త్రీయమైనదని, ఆయనది మడి అని నాకు రవ్వంత అనుమానం కూడా లేదు. ఉట్టి చేత్తో ముట్టకూడదని పుస్తకంలో ఉంది, నేను ఉట్టి చేత్తో ముట్టలేదు కదా. ఆ రోజు నుంచి ప్రతి స్లీవునూ నడుమనే పట్టుకుని చూసేదాన్ని. కొంత అలవాటు, కొంత పంతం.

ఆ ఎండాకాలం మా స్లీవు ఒకటి తిరిగి వచ్చింది. బాయిలో పంపు ఆగిపోయింది. పక్కనే ఇంకో పంపు ఉంది కాబట్టి నీళ్లు నిలవలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ బొగ్గు కంపెనీ ఇంజనీరు కారణం రాసి ఇమ్మన్నాడు, ఇవ్వకపోతే మాకు పని ఇవ్వడం ఆపేస్తామన్నాడు. స్లీవు నడుమ పూత పెచ్చులుగా లేచిపోయి ఉంది. మిగిలినచోట చెక్కు చెదరలేదు.

షెడ్డు యజమాని కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఇంజనీరు. మర్యాద తెలిసిన మనిషే. నన్ను పిలిచి అన్నాడు: "కారణం ఏదో ఒకటి తేలాలమ్మా. మీరు చూసి చెప్పండి. మీరు ఏది చెబితే అది రాద్దాం."

నేను పది నిమిషాల్లో చెప్పేశాను. ఊడిందంటే జిడ్డు. జిడ్డు అంటే బొట్టు. ఇంతకాలం నేను మొత్తుకున్నది ఇదే కదా! బొట్టు పెట్టింది కొసన అని, పూత ఊడింది నడుమ అని, రెండిటికీ మధ్య జానెడు దూరం ఉందని స్లీవు నా బల్ల మీదే ఉండి చెబుతోంది. నేను దాని వంక చూడలేదు. ఆపరేటరు పూతకు ముందు ఉపరితలం మీద కుంకుమ, నూనె వంటి పదార్థం పూయడం వల్ల పూత పట్టు కోల్పోయిందని రాశాను. ఆపరేటరును తొలగించామన్న వాక్యం యజమాని కలిపాడు. కింద సంతకం నాది.

సంగతి తెలిసి కాక నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"గా స్లీవు ఏడున్నది బిడ్డ?"

"మూలకు పెట్టిన."

పోయి తీసుకున్నాడు. కొసలు పట్టుకుని, చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. నా వైపు ఒకసారి చూశాడు. స్లీవును ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి, తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ మౌనాన్ని నేను నేరం ఒప్పుకోవడం అనుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. దాని మీద ఒక వ్యాసం రాశాను. కాక పేరు రాయలేదు గాని, ఈ బొగ్గుబాయిల బెల్టులో ప్లాస్మా గన్ను పట్టే ముసలాయన ఎవరంటే పేరు రాయవలసిన అవసరం లేదు. ఒక బొట్టు పంపును ఎలా ఆపిందో వివరించాను. హేతువాదుల సభలో చదివితే చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన లేచి, మూఢనమ్మకం ప్రాణాలు తీస్తుందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలన్నాడు. ఎవరి ప్రాణమూ పోలేదని నేను సరిదిద్దలేదు.

కాక స్థానంలో మందమర్రి నుంచి ఒకాయన వచ్చాడు. అందరూ భాయ్ అనేవాళ్లు. చేయి మంచిదే, మాట ఇంకా మంచిది. ఆయన బొట్టు పెట్టడు. మా షెడ్డులో కుంకుమ అన్నదే లేకుండా పోయింది. మరుసటి ఎండాకాలం ఇంకో స్లీవు తిరిగి వచ్చింది. నడుమ పెచ్చులు లేచి ఉంది.

భాయ్ నడుము మీద చేతులు పెట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"మేడం, ఇప్పుడు నా మీద ఏం రాస్తరు? నేనైతే బొట్టు పెట్టలే. నమాజ్ కూడ ఇంటికాన్నే చేసుకొని వస్తున్న."

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. స్లీవును అలవాటు ప్రకారం నడుమ పట్టుకుని కిటికీ దగ్గరికి ఎత్తాను. ఒకవైపు ఊడిన చోట నా బొటనవేలు సరిగ్గా కూర్చుంది. అవతలి వైపు ఊడిన నాలుగు మచ్చల్లో నాలుగు వేళ్లు కూర్చున్నాయి.

ఇక్కడి ఎండాకాలం గురించి ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. రేకుల షెడ్డులో మధ్యాహ్నం గ్లౌజులు చెమటకు తడిసి అంటుకుపోతాయి. నాకు తలకు కొబ్బరినూనె రాసుకునే అలవాటు. నుదుటి మీద పడ్డ జుట్టును పదేపదే గ్లౌజు చేత్తోనే వెనక్కి తోసుకుంటాను. ఆ గ్లౌజుతోనే స్లీవును నడుమ పట్టి ఎత్తుతాను. చలికాలంలో ఇబ్బంది రాలేదు, ఎండాకాలంలో వచ్చింది. రెండుసార్లూ అంతే.

ఈసారి తొందరపడలేదు. నాలుగు ముక్కలు గరుకు పట్టించాను. ఒకటి ఎవరూ ముట్టనిది. రెండోదానికి కొసన, టేపు కింద, కాక పెట్టినట్టే బొట్టు. మూడోదానికి నడుమ బొట్టు. నాలుగోదాన్ని మిట్టమధ్యాహ్నం జుట్టు సర్దుకున్న నా గ్లౌజుతో పట్టుకున్నాను. భాయ్ నాలుగింటికీ ఒకే పూత వేశాడు. కాక కట్టిన చక్రం కింద ఒక్కొక్కటే పెట్టాం. మొదటి రెండూ దాదాపు బరువు తగ్గలేదు. మూడోది ఊడింది. నాలుగోది ఉల్లిపొట్టులాగా లేచిపోయింది.

ఇది విని చివరికి బొట్టే గెలిచిందని సంబరపడేవాళ్లు ఎవరైనా ఉంటే, మూడో ముక్కను చూడమని మనవి. కుంకుమకు ఏ మహిమా లేదు. అది పూత కింద పడితే పూతను పాడు చేస్తుంది. కాక దాన్ని ఎన్నడూ పూత కింద పెట్టలేదు, అంతే. ఆయన పంపు నీళ్లలో బతికినవాడు. జిడ్డు సంగతి ఆయనకు తెలుసు. తెలిసినదాన్ని బాలింత భాషలో చెప్పాడు. నేను ఆ భాషను చూసి, లోపలి విషయాన్ని అవతల పారేశాను. హేతువాదం నన్ను మోసం చేయలేదు. నేను దాన్ని వాడలేదు.

యజమాని దగ్గరికి పోయి, పాత రిపోర్టు తప్పని, మళ్లీ రాసి పంపాలని చెప్పాను.

"గ్లౌజుల గురించి కొత్తదానికి రాయండమ్మా, మంచి పని చేశారు. పాతదాని జోలికి మాత్రం పోవద్దు. అప్పుడో మాట, ఇప్పుడో మాట అంటే మనల్ని ఎవరు నమ్ముతారు? ఆయన్ని పనిలోకి రమ్మనండి. నేనేమీ వద్దనలేదుగా."

కాక అప్పటికి రామకృష్ణాపూర్‌లో కూతురి క్వార్టరులో ఉంటున్నాడని తెలిసింది. గోదారి వంతెన దాటి, మంచిర్యాల మీదుగా బస్సులో పోయాను. వాకిట్లో మంచం మీద కూర్చుని, ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఊపిరి తీస్తున్నాడు. ఊపిరితిత్తులు చెడిపోయాయని అవ్వ, అంటే ఆయన భార్య, చెప్పింది. బాయి దుమ్ము వల్లనా, మా షెడ్డులో పూత వేసే పొగ వల్లనా, బీడీల వల్లనా అన్నది నాకు తెలియదు. తెలియనిదాన్ని ఇక రాయను.

ఆ మనిషిని పనికి రమ్మని పిలవడానికి వచ్చానని చెప్పడానికే సిగ్గేసింది. జరిగింది చెప్పాను. వేళ్లు మచ్చల్లో కూర్చున్నాయని, నాలుగు ముక్కలతో పరీక్ష చేశానని చెప్పాను. ఆయన తల ఎత్తకుండా విన్నాడు.

"నాకు ఆ దినమే తెల్సు."

"మరి ఎందుకు చెప్పలే కాక?"

"అడిగినవా?"

ఆయన తువ్వాలతో మూతి తుడుచుకుని అన్నాడు.

"తెల్సినోళ్లు మీరు. దొంగ దొరికినంక దొంగను ఎవలన్న అడుగుతరా? బొట్టు పెట్టెటోడే కరాబ్ చేసిండని నువ్వు రాసినంక, కాదు బిడ్డ, నీ చెయ్యే అంటే షెడ్డుల నవ్వకపోదురా? అంతకుముందు నవ్వలేదా?"

"ఇగ సాలు. దమ్ము వస్తలేదు నీకు," అంది అవ్వ.

"ఉండు. కొసకు పెట్టిన్నే నేను. నడుమ పెట్టేటంత బేకార్‌గాన్నా?" దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అది తగ్గేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టాడు. "నేను ఆ బాయిల ఎన్నేండ్లు పంపు నడిపిన్నో, నా పంపు ఆగిందని ఎవడన్న చెప్పమను. మొన్న శ్రీరాంపూర్ల పెండ్లికి పోతే, బొట్టు పెట్టి పంపు ఆపింది నువ్వేనట గదనే అని అడిగిండు ఒకడు. నా కింద పని నేర్చుకున్న పోరడు వాడు. బువ్వ తినకుంటనే లేసొచ్చిన."

"పనికి రా కాక. సారు కూడ రమ్మన్నడు."

"పని ఏడ చేస్త ఇగ? లేచి నల్లా దాక పోలేకపోతున్న. నాకు కొలువద్దు. నా మీద పడ్డ మాట తీసెయ్యి. పేపర్ల రాస్తివి, కంపెనీల రాస్తివి. రెండు కాడ తీసెయ్యి. నేనుండంగ తీసెయ్యి."

తీసేస్తానని చెప్పాను. అవ్వ చాయ్ పెడతానని లేవలేదు. నేను కూడా ఇంకా కూర్చోలేకపోయాను. బస్సులో మా నాయిన నేర్పిన నియమమే తలలో తిరిగింది. ఎన్నో వేదికల మీద పరాయివాళ్ల వాదాన్ని వాళ్లకన్నా బాగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. రోజూ నా పక్కన నిలబడి పని చేసిన మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు.

వ్యాసం వేసిన పత్రికకు సవరణ రాసి పంపాను. సంపాదకుడు ఫోను చేశాడు. నాకు చాలాకాలంగా తెలిసిన మనిషి, నిజాయితీపరుడు. "మీరు రాసింది నిజమే కావచ్చు. కానీ ఇది అచ్చు వేస్తే రేపు వాళ్లు మన నెత్తిన కూర్చుంటారు. హేతువాదులు తప్పు ఒప్పుకున్నారని ఊరూరా చదువుతారు. కొంచెం ఆగుదాం."

అబద్ధం మీద నిలబడే ఉద్యమం మనకెందుకని అప్పుడే అడిగి ఉండాల్సింది. ఊరి మీదికి పోయి దేవుణ్ణే నిలదీసిన నోరు నాది. ఆ రోజు మాత్రం, సరే, ఆగుదాం అంది. ఇటు యజమాని సంతకం లేకుండా కంపెనీకి రాయడం ఎలాగా అని ఇంకో సాకు దొరికింది. ఆయన ఈ వారం, వచ్చే వారం అంటూ పోయాడు. నేనూ గట్టిగా అడగలేదు. వానలు మొదలయ్యాయి. చల్లబడ్డాక కాకకు కొంచెం నయమవుతుందిలే, చేత్తో కాగితం తీసుకునే పోదాం అనుకున్నాను.

భాయ్ ఒక పొద్దున గేటు దగ్గరే నన్ను ఆపాడు. "మేడం, కాక పోయిండు. నిన్న."

రామకృష్ణాపూర్ పోయేసరికి అంతా అయిపోయింది. వాకిట్లో పంపు దగ్గర పనిచేసే మనుషులు పదిమంది దాకా ఉన్నారు, డ్యూటీ బట్టల్లోనే వచ్చినట్టున్నారు. వాళ్లలో ఎవరు ఆ పెళ్లిలో ఆ మాట అన్నారో నాకు తెలియదు. అవ్వ నన్ను చూసి ఏడవలేదు, తిట్టలేదు.

"రాస్తనన్నవు గద. రాసినవా?"

"రాస్త అవ్వ."

"ఎవలికి సూపెడ్తవు ఇగ?"

మరునాడు యజమానిని అడగలేదు. నా పేరు మీద, నా సంతకంతో రాశాను. మొదటి రిపోర్టు తప్పు, పూత ఊడింది పరీక్షించిన వ్యక్తి చేతి జిడ్డు వల్ల, ఆ వ్యక్తిని నేనే, ఆపరేటరు పని పద్ధతిలో ఏ లోపమూ లేదు. నాలుగు ముక్కల బరువుల పట్టిక జత చేశాను. పత్రిక ఆ సవరణ వేయలేదు. అందుకే అదంతా ఇక్కడ రాస్తున్నాను. ఎవరు ఊరూరా చదివినా సరే.

కాగితం తీసుకుని బాయి ఆఫీసుకు పోయాను. ఇంజనీరు బదిలీ అయిపోయాడు. గుమస్తా కాగితం తిరగేసి చూశాడు.

"ఏ ఫైలుకు పెట్టాలె మేడం ఇది?"

"పోయినేడు స్లీవు ఫెయిలైన ఫైలుకు."

"అది క్లోజ్ అయింది. రికార్డు రూముకు పోయింది."

"తీయించి దానికే జత చెయ్యండి. ఒక మనిషి మీద తప్పు రాసి ఉంది అందులో."

"ఆ మనిషి మళ్లీ డ్యూటీల చేరాలెనా?"

"లేదు. చనిపోయిండు."

ఆయన నన్ను కొంచెం జాలిగా చూసి, కాగితం మీద ముద్ర కొట్టి, కిటికీ పక్కనున్న ట్రేలో పెట్టాడు. ట్రేలో అప్పటికే చాలా కాగితాలున్నాయి. రసీదు కోసం నా కాపీ మీద కూడా ముద్ర కొట్టి ఇచ్చాడు.

ఆ కాపీ తీసుకుని రామకృష్ణాపూర్ పోయాను. అవ్వ బియ్యం చెరుగుతోంది. చాట పక్కన పెట్టి కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. చదవడం రాదు గాని, కింది నుంచి పైదాకా చూసింది. ముద్ర మీద వేలు పెట్టింది.

"ఇచ్చిన అవ్వ, కంపెనీల. నేనే తప్పు చేసిన్నని రాసిన."

"సదివిన్రా?"

"తీసుకున్నరు. ముద్ర కొట్టిన్రు."

"సదివిన్రా అని అడుగుతున్న."